భీమునిపట్టణమున ఏడు నిమిషముల చిత్రము

విశాఖపట్టణమునుండి కడలి యొడ్డువెంట ఈశాన్యముగా సాగిపోవు బాట 30 కిలోమీటరులకు లోపుగనే భీమునిపట్టణము చేరును. ఎడమచేత కొండలు, కుడిచేత సముద్రము. దారిలో ఋషికొండయు, బౌద్ధభిక్షువులు రాతిలో తొలిపించిన నీటితొట్లవలన పేరు వడసిన తొట్లకొండయు, అటుపిమ్మట ఎఱ్ఱమట్టి దిబ్బలును వచ్చును. అనంతగిరి కొండలలో పుట్టి బొఱ్ఱా గుహలను దాటి వచ్చిన గోస్తనీనది భీమునిపట్టణముకడనే సముద్రమున గలియుచున్నది. ఊరిని కాచుచున్నట్లు పావురాలకొండ నిలిచియున్నది. దానిపైనను బౌద్ధుల కట్టడముల శిథిలములును, వాననీరు నిలుపుటకై తొలిచిన 16 తొట్లును గలవు. 17వ శతాబ్దిలో డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. సముద్రపు గాలికి చెక్కలు రాలుచున్న వారి సమాధులు నేటికిని ఉన్నవి. 1825లో ఊరు ఇంగ్లీషువారి వశమయ్యెను. 1861లోనే పురపాలకసంఘము నెలకొనెను. నేడిది మహావిశాఖ నగరములో ఒక భాగము. జనులు దీనిని భీమిలి యనియే పిలుతురు, నేనును అట్లే వ్రాసెదను.

ఈ తీరము చలనచిత్రములవారికి క్రొత్తది కాదు. 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ ఈ ఇసుకను, ఈ మెట్లను, ఈ కెరటములను తెలుగు ఇల్లాండ్రందఱికిని చూపినది. అట్టి పెద్ద చిత్రములకు నెలలు పట్టును, వందలకొలది జనులు కావలెను. నేను చెప్పబోవునది 9మంది కూడి ఒక శనివారము, ఒక ఆదివారము, రెండే దినములలో తీసిన ఏడు నిమిషముల చిత్రమును గూర్చి.

వారాంతమున చిత్రము తీయు ఈ పద్ధతికి పేరు తెచ్చినది అమెరికాలోని వాషింగ్టన్ నగరమున 2001లో ఆరంభమైన 48 గంటల చిత్రపు పోటీ. శుక్రవారము సాయంకాలము ప్రతి బృందమునకును ఒక కథారీతి చీటివలె వచ్చును. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక మాట అందఱికిని సమానముగా నిత్తురు. ఆదివారము సాయంకాలమునకు కథ వ్రాసి, తీసి, కూర్చి అప్పగింపవలెను. మా వారు ఏ పోటీకిని పోలేదు. సోమవారమున ఉద్యోగములకు పోవలసినవారగుటచే గడియారము తానే న్యాయాధిపతియై కూర్చుండెను.

దర్శకురాలు నా మేనకోడలు. హైదరాబాదున ఒక కార్యాలయములో లెక్కలు చూచును. ఛాయాగ్రాహకుడు, శబ్దము పట్టు పిల్ల, నటి, ఖర్చులు చూచు యువకుడు, తక్కినవారును అటువంటివారే. అందులో ఐదుగురు ఆడపిల్లలు. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట వచ్చిన శుక్రవారము రాత్రి రైలెక్కి శనివారము తెల్లవారునప్పటికి విశాఖలో దిగిరి. విశాఖలో నుండుదానను గనుక నన్ను వెంటబెట్టుకొనిరి.

కథ చిన్నది. చేపలమ్ము స్త్రీ కూతురు నర్సు ఉద్యోగమునకై పొరుగుదేశము పోవుచున్నది. ప్రయాణమునకు ముందునాడు, జన్మములో ఎన్నడును ఎత్తని తల్లి గంపను ఒక్కమాఱు తాను నెత్తిన బెట్టుకొని సముద్రమునుండి ఊరిలోనికి నడచును. అంతియే. మాటలు పదింటికి మించవు. చివఱ దృశ్యముగా ‘సూర్యుడు కడలిలో మునుగుచుండగా తల్లీకూతుండ్రు ఇసుకపై నడతురు’ అని వ్రాసియుండిరి.

బండిలో ఈ మాట చదువుచుండగా బండి తోలువాడు పకాలున నవ్వెను. “అమ్మా, మన సముద్రంలో సూరీడు ములగడండి, తేలతాడు” అనెను.

నిజమే గదా! మనది తూర్పుతీరము. ఇచ్చట ప్రొద్దు నీటిలోనుండి పొడిచి కొండలవెనుక క్రుంకును. బొంబాయిలోను గోవాలోను తీసిన పాటలు చూచి చూచి, సముద్రమనిన సాయంకాలమే యని మన పిల్లల కన్నులకు అలవాటైపోయినది. ఇది ఒక్క వీరి లోపము కాదు. మనము పుట్టిన నేలను సైతము పరుల తెరమీదుగా చూచుచున్నాము. మేనకోడలు కాగితము మడచి కొంతసేపు కిటికీలోనుండి చూచి, కలముతో ‘సాయంకాలము’ కొట్టివైచి ‘తెల్లవాఱుజాము’ అని వ్రాసెను. శనివారపు తెల్లవాఱుజాము అప్పటికే గడచినది. కనుక చిత్రమునకు ప్రాణమువంటి దృశ్యము ఆదివారము ఉదయమున, ఒక్కసారియే, తీయవలసివచ్చెను. ఆ ఒక్క కొట్టివేతవలన ఎంత చిక్కు వచ్చెనో ముందు చెప్పెదను.

శనివారము మొదట ఎఱ్ఱమట్టి దిబ్బలకు పోతిమి. భీమిలికి కొంచె మివతల, బాటప్రక్కననే, నేల యంతయు కుంకుమ కలిపినట్లు ఎఱ్ఱనై, వానపాయలు కోసిన లోతైన గెడ్డలతో నుండును. వేలయేండ్ల క్రిందట సముద్రమట్టము మాఱుచుండిన కాలమున గాలియు నీరును చేర్చిన ఇసుక ఇది. అందులోని ఇనుము తుప్పువలన ఈ రంగు వచ్చినది. దక్షిణాసియాలో ఇట్టి దిబ్బలు తమిళదేశమునను సింహళమునను తప్ప మఱెచ్చటను లేవందురు. 2014లో భారత భూగర్భ పరిశోధనాశాఖవారు దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. ప్రకటించినంతమాత్రమున రాలుట మానునా? చేయి వేసినచోటనే పిడికెడు మట్టి జాఱును. అందుచేత ఛాయాగ్రాహకుడు గట్టుపై కెక్కి క్రిందికి తీయవలెనని కోరగా మేనకోడలు ఒప్పుకొనలేదు. “ఆ షాట్ లేకపోతే మన సినిమా ఆగదు. గట్టు విరిగితే మళ్ళీ రాదు” అన్నది. అతడు మూతి ముడుచుకొన్నను కాలిబాటలోనే నిలిచి తీసెను. డ్రోను తెచ్చుకొందమన్నవారును ఉండిరి గాని, విశాఖ నౌకాదళస్థానము, అచ్చట మనసు వచ్చినట్లు ఎగురవేయుటకు వీలులేదు.

ఆ ఇసుకలో ఇంకొక వింత చిక్కు తెలిసినది. కూతురుపాత్ర ధరించిన పిల్ల నడచినచోట అడుగులు పడును. రెండవమాఱు తీయవలెనన్నచో తెరమీద ఆమెకంటె ముందే ఆమె అడుగులు కనబడును! కావున వేఱొకచోట పదిమాఱులు అభ్యాసము చేసి, తాకని ఇసుకమీద ఒక్కమాఱే నడచినది. ముగ్గులు వేయు మనకు ఈ బాధ బాగుగా తెలియును. గడప దాటి వచ్చిన పాదము ముగ్గును చెఱపకుండునా?

ప్రొద్దు నడినెత్తికి వచ్చిన తరువాత ఆరుబయట తీయుట మంచిది కాదట. కన్నులక్రింద నీడలు పడి ఎట్టి అందమైన మొగమైనను జ్వరపడి లేచినట్లుండును. అందుచేత ఒంటిగంటనుండి ఊరిలోని ఒక పెంకుటింట తీసిరి. కిటికీవెలుగు చాలకున్నచోట తెల్లని థర్మోకోలు పలకను ఎదురుగా పట్టుకొని ఆ వెలుగునే మొగముమీదికి మరలించిరి. వేలు పోసి కొన్న దీపములకంటె ఈ అట్టముక్కయే మెత్తని వెలుగు నిచ్చెను.

భోజనమునకు నేను పులిహోర, పెరుగన్నము, మాగాయ తీసికొనిపోయితిని. 9మందికి వేళకు అన్నము పెట్టుట చిన్నపని యని తలపకుడు. ఆకలిగొన్న ఛాయాగ్రాహకుని చేయి వణకును. మన దేశమున చలనచిత్రమునకు పునాదివేసిన ఫాల్కేగారి యింట భార్య సరస్వతీబాయిగారు బృందమునకంతకు వండిపెట్టుటయేకాక ఫిల్మును కడుగు మందులు కలుపుట, అంచున రంధ్రములు వేయుట మొదలగు పనులన్నియు నేర్చిరి. 1912లో ఫాల్కేగారు తీసిన మొదటి చిన్నచిత్రమున కథయే లేదు. కుండీలోని బఠాణీగింజ మొలకెత్తి తీగ యగుటను కొంచెము కొంచెముగా తీసి చూపిరి. 1913లో వచ్చిన ‘రాజా హరిశ్చంద్ర’లో ఫాల్కేగారి పేరే అందఱును తలతురు. వంటింటినుండి చీకటిగదికిని, చీకటిగదినుండి వంటింటికిని తిరిగిన యామె పేరు ఎందఱికి తెలియును? పారిస్‌లో ఆలిస్ గీ యను ఆమె 1896లోనే చిన్నచిత్రములకు దర్శకత్వము వహించెను. మన భానుమతిగారు 1953లో ‘చండీరాణి’ని మూడుభాషలలో తామే నడిపిరి. కావున ఆడపిల్ల ‘కెమెరా’ అని కేకవేసినంతనే ముక్కుమీద వ్రేలు వేసికొననక్కఱలేదు.

నాకును ఒక పని యప్పగించిరి. “అత్తయ్యా, నువ్వు గాజులు లెక్కపెట్టు చాలు” అన్నది మేనకోడలు. మొదట పరిహాసమనుకొంటిని. చిత్రమును కథ నడచు వరుసలో తీయరు, స్థలము ననుసరించియు వెలుగు ననుసరించియు తీయుదురు. ఉదయము దిబ్బలలో తీసిన నడక తెరమీద మధ్యాహ్నము ఇంటిలో తీసినదానికి తరువాత రావచ్చును. అప్పుడు కుడిచేత మూడు గాజులున్న పిల్లకు గడప దాటగనే నాలుగు కనబడినచో చూచువారు నవ్వుదురు. జడ ముందుకున్నదా వెనుకకున్నదా, బొట్టు చెమటకు జాఱినదా, గ్లాసులో నీరెంత యున్నది, ఇవి యన్నియు పుస్తకమున వ్రాయవలెను. దీనిని వారు కంటిన్యుయిటీ యందురు. పెండ్లివారింట ఏ పళ్ళెము ఎవరిదో గుర్తుంచుకొను స్త్రీకి ఇది కష్టమైన విద్య కాదు. అనేకదేశములలో ఈ పని చాలకాలము ఎక్కువగా ఆడవారిదే యగుట నా కాశ్చర్యముగా తోచలేదు.

తల్లిపాత్రకు నటిని తేలేదు. ఏండ్లతరబడి భీమిలిలో చేపలమ్ముచున్న యొక మామ్మనే అడిగియుండిరి. సుమారు అరువది యేండ్ల మనిషి, చేతిలో చుట్ట, నోట నవ్వు. శనివారము సాయంకాలము నటిగా వచ్చిన పిల్లకు గంప యెత్తుట నేర్పుటకు కూర్చుండెను. పాతచీరముక్కను చుట్టి కుదురు చేసి, దానిపై గంప నిలిపి, “కాళ్ళకాసి సూడకు పాపా. సూపు దూరంగా ఎట్టు. మెడ కదిపితే సేపలు నేల మీదే” అని చెప్పెను. పట్టణపు పిల్ల నాలుగడుగులు వేసి రెండుచేతులును పైకెత్తి గంపను పట్టుకొనెను. మామ్మ ఒకచేతితో చుట్ట కాల్చుచు, ఒకచేయి ఊపుచు, గంపతో గిరుక్కున వెనుదిరిగి చూపినప్పుడు మా వాండ్రందఱును చప్పట్లు చఱచిరి. ఆమె విసుగుకొని “ఇదేటి ఆటనుకున్నారా?” అన్నది.

చీకటి పడినప్పుడు అసలు మాట వచ్చినది. తెల్లవాఱుజామున 5 గంటలకు ఒడ్డుకు వచ్చి సూర్యుడు పొడుచువఱకు నిలువవలెనని మేనకోడలు అడిగినది. మామ్మ చుట్ట నార్పివేసెను. “ఆదోరం బేరమే పాపా మాకు వారం బేరం. శుక్కురారం, శనారం సగం ఇళ్ళు సేపలు ముట్టవు. మీ కోసం ఇసకలో నిలబడితే నా సేపలు ఎవురు కొంటారు, ఎవురమ్ముతారు?” అన్నది. “సూర్యుడు వచ్చే కాసేపే మామ్మా” అని పిల్ల బ్రతిమాలెను. “మీ సూరీడు నిలబడతాడేటి? నా బేరమూ అంతే. నిలబడదు” అన్నది ఆమె.

ఖర్చులు చూచు యువకుడు నన్ను ప్రక్కకు పిలిచి, పని ముగిసినపిమ్మట ఏదో యొకటి ముట్టజెప్పుదుమనియు, ముందే ఇచ్చినచో రాకపోవచ్చుననియు చెప్పెను. అతని మనసు చెడ్డది కాదు, అతడు నేర్చిన లోకరీతి అది. కాని ఆ కెమెరా కద్దమును దినమునకింతయని అద్దె ముందుగా కట్టి తెచ్చిన చేయియే, ఆ యద్దములో నిండవలసిన ముఖమునకు మాత్రము ‘తరువాత చూతము’ అనుట నాకు మింగుడుపడలేదు. అద్దము రాకపోవునేమో యని భయపడలేదు గదా! ఈ మాట నేను గట్టిగనే అంటిని. నటించుటకు వచ్చినవారు స్నేహితులై ఊరక చేయవచ్చును. వారి సోమవారము వారికి భద్రముగా నున్నది. మామ్మ ఆదివారము ఆమెకు మరల రాదు.

మేనకోడలు ఆ రాత్రి రెండు పనులు చేసెను. ఆదివారపు బేరమునకు సరిపడు సొమ్మును ఆమె యడిగినంత ఆమె చేతిలో పెట్టెను. రెండవది అంతకంటె పెద్దది. “మామ్మా, నువ్వు మాకోసం నిలబడవద్దు. నీ బేరం నువ్వు చేసుకో. ఈ పిల్ల నీ వెంట ఉంటుంది. మేమే మీ వెనక తిరుగుతాము” అన్నది. మామ్మ సొమ్ము కొంగున ముడివైచుకొని కొంచెముసేపు ఆలోచించి, “అలాగయితే రండి. అడ్డం రాకండి” అన్నది.

ఆదివారము 5 గంటలకు ఒడ్డున చలి. మైకుకు గాలి తగులకుండ బొచ్చుతొడుగు తొడిగియుండగా పల్లెపిల్లలు అది పిల్లికూన యనుకొని చుట్టుముట్టిరి. శబ్దము పట్టు పిల్ల మఱియొక చిన్న మైకును మామ్మ రవికెలోపల పిన్నీసుతో గ్రుచ్చెను. జనవరిలో ఇచ్చట సూర్యోదయము ఆఱున్నరకు కావచ్చును. దానికి ముందు ఇరువది నిమిషములకు పైగా నీలమును బూడిదయు కలిసిన ఒక వెలుగుండును. ఛాయాగ్రాహకు లందఱును దానికొఱకే కాచుకొనియుందురు. మా వాడు ప్రతి నిమిషమునకును కెమెరా కన్ను సవరించుకొనుచుండెను. పడవలు మాత్రము రాలేదు. దిగంతమున మబ్బుచాలు లేచినది. దాని వెనుకనే ప్రొద్దు పొడిచినది, మబ్బు వీడునప్పటికి బారెడెక్కినది. అంతటి సూర్యోదయమును కొట్టివేసి వ్రాసుకొన్న కాగితము మేనకోడలి చేతిలో నలిగిపోవుచుండెను. ఆమె ఏడ్చునని భయపడితిని.

అప్పుడు పడవ వచ్చెను. నలుగురు దానిని ఇసుకమీదికి లాగిరి. వల దులిపిరి. కవళ్ళు, కానాగంతలు, నడుమ రెండు వంజరములు కుప్పగా పడెను. పాట మొదలయ్యెను. ఆడవారందఱును చుట్టును మూగి ఒకరిపై నొకరు ధర పెంచుచుండ, మామ్మ మోచేతితో త్రోవ చేసికొని లోపలికి దూఱెను. నటియైన పిల్ల ఆమె కొంగు పట్టుకొని వెంట దూఱెను. ఎవరును ‘యాక్షన్’ అనలేదు. పలక కొట్టలేదు. బొమ్మను శబ్దముతో జతపఱచుటకు కొట్టవలసిన ఆ దెబ్బకు బదులు శబ్దము పట్టు పిల్ల దూరమునుండి ఒకసారి చప్పట చఱచినది, అంతే. మామ్మ పాడిన పాట నిజము, తిట్టిన తిట్టు నిజము, గెలిచిన కానాగంతలు నిజము. గంప నింపి, ప్రక్కనున్నది నటి యని మఱచెనో యేమో, “ఏటలా సూత్తావు, ఎత్తు!” అన్నది. ఆ మాట కథలో లేదు. పిల్ల వంగి గంప నెత్తెను. చేతులు పైకి పోలేదు. పొడవైన నీడ ఇసుకమీద పడుచుండగా ఊరిలోనికి నడచెను. ఆ ఇసుక అంతటను నూఱుమంది అడుగులున్నవి గనుక ఈసారి అడుగుల చిక్కు లేదు. కాని రెండవమాఱు తీయుటకు పడవ లేదు.

బేరమంతయు ముగిసిన తరువాత శబ్దము పట్టు పిల్ల మమ్మందఱిని ఒక నిమిషము కదలక మెదలక నిలువుమన్నది. మనుష్యులు మాటలాడని ఒడ్డు శబ్దమును విడిగా పట్టవలెనట. కూర్పులో రెండు ముక్కల నడుమ అతుకు తెలియకుండుటకు అది పూతవంటిది. 9మందిమి శిలలవలె నిలిచితిమి. ముప్పదియేండ్లుగా ఆ సముద్రముప్రక్కన కాపురమున్నను నేను దానినంత శ్రద్ధగా ఒక పూర్తి నిమిషము వినియుండలేదు. కెరటము విరుగు చప్పుడు వేఱు, వెనుకకు పోవునప్పుడు ఇసుకను ఈడ్చు చప్పుడు వేఱు.

ఆ పగలంతయు మా యింటి హాలులో కూర్పు. తెరమీద ఒక క్షణమునకు 24 బొమ్మలు నడచునట. ఏడు నిమిషములకు 10,080 బొమ్మలు! తీసినది మూడుగంటలకు పైగా నుండగా అందులోనుండి ఏడు నిమిషములు ఏఱుట బియ్యములో రాళ్ళేఱుటకు తలక్రిందైన పని, ఇచ్చట పాఱవైచునదే ఎక్కువ. దిబ్బలలో అంత జాగ్రత్తగా నడచిన నడకలో సగము పోయినది. సూర్యోదయము లేనేలేదు. ఖర్చులు చూచు యువకుడు “సముద్రానికి వచ్చి సూర్యుడు లేని సినిమా!” అని నిట్టూర్చెను. అతనికి అది లోపముగా తోచినది. నాకు తోచలేదు. ప్రొద్దు పొడుచుట ప్రతిదినము ఎవరైనను తీయవచ్చును, ఆ పిల్ల ఆ మాట విని వంగుట మరల దొరకదు. చివఱను పేరుల పట్టికలో మొదట ‘చేపల మామ్మ’ అని వ్రాసిరి. నేను ఫోనుచేసి ఆమె నడిగి, ఇంటిపేరుతో సహా ఆమె చెప్పినట్లే వ్రాయించితిని. రాత్రి రైలునకు అందఱును పరుగెత్తిరి.

మూడువారముల తరువాత మేనకోడలు మరల వచ్చి, ల్యాప్‌టాపును మామ్మ యింటి అరుగుమీద పెట్టి చిత్రము చూపెను. పల్లెలోని ఆడవారందఱును చేరిరి. తమ పాట, తమ తిట్లు వినబడినప్పుడు నవ్వులకు మేర లేకపోయెను. మామ్మ మాత్రము నవ్వక, చుట్ట ముట్టించుకొనక, కడవఱకు చూచెను. పేరు వచ్చినప్పుడు మనుమరాలు చదివి వినిపించెను.

“బాగుంది” అన్నది మామ్మ. “గాని ఆ కానాగంతలు ఎంతకి పోయాయో సెప్పనేదేటి? ఆ పిల్ల మెడ ఇంకా నిలబడనేదు. మళ్ళా పంపండి, నేర్పుతాను.”